పెరట్లో కోళ్లు: గుడ్ల లెక్క కంటే ముందు సాయంత్రం ఆరింటి లెక్క

బెంగళూరు వైట్‌ఫీల్డ్ అవతల సొంత ఇల్లు, వెనక కొంత ఖాళీ స్థలం, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు, ఏడేళ్ల పాప. ఐదారు కోళ్లు పెంచితే ఇంటి గుడ్లు వస్తాయా, పాపకు కాలక్షేపం అవుతుందా, ఖర్చెంత, ఏ జాతి మంచిది, కడక్‌నాథ్ అనే నల్లకోడిని తెచ్చుకోవచ్చా అని మీరు అడిగారు. వీటన్నిటికీ జవాబు చెబుతాను. అంతకంటే ముందు నాదొక ఎదురు ప్రశ్న: సాయంత్రం ఆరింటికి మీ ఇంట్లో ఎవరుంటారు?

ఇది మాట దాటేయడానికి అడిగింది కాదు. యలహంక దాటాక ఉన్న మా ఇంటి పెరట్లో చాలా ఏళ్లుగా కోళ్లు తిరుగుతున్నాయి. మొదలుపెట్టి ఏడాది తిరక్కుండా మానేసిన ఇళ్లను ఈ చుట్టుపక్కల చాలా చూశాను. దాణా ఖరీదు చూసి మానేసిన ఇల్లు వాటిలో దాదాపు లేదు. సాయంత్రం తలుపు వేసే మనిషి లేక మానేసినవే ఎక్కువ.

కోడికి చీకట్లో కళ్లు సరిగా కనబడవు. పొద్దు వాలగానే దానంతటదే గూటికి చేరి కర్రెక్కి కూర్చుంటుంది. తోలనక్కరలేదు, పిలవనక్కరలేదు. లోపలికి తొంగిచూసి లెక్క పెట్టుకుని తలుపు వేసి గడియ పెట్టడమే మన పని. రెండు నిమిషాలు పట్టదు. కానీ ఆ రెండు నిమిషాలు తప్పిన రాత్రే పిల్లో, ముంగిసో, పందికొక్కో, వీధికుక్కో వస్తుంది. బెంగళూరులో నవంబరు చివర ఆరింటికి పది నిమిషాల ముందే సూర్యుడు అస్తమిస్తాడు, జులై మొదట్లో ఏడింటికి పది నిమిషాల ముందు. ఆ వేళకు మీరిద్దరూ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎక్కడ ఆగిపోయి ఉంటారో మీకే తెలుసు. వెలుతురు తగ్గగానే తనంతట తాను మూసుకునే తలుపులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మంచివే. అయితే ఆ తలుపుకు మూసుకోవడమే వచ్చు, లెక్క పెట్టడం రాదు. బయట ఉండిపోయిన కోడి సంగతి మీకు తెల్లవారాక ఈకలు చూసి తెలుస్తుంది. మా అత్తగారు ఊళ్లో ఉన్నంత కాలం సంధ్యవేళ ఏ పేరంటానికీ వెళ్లేవారు కాదు. గంప కింద కోళ్లను కమ్మి, దాని మీద రాయి పెట్టిన తరువాతే దీపం పెట్టేవారు. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నా, పక్కింటివారు ఆ పని ఇష్టంగా ఒప్పుకున్నా ముందుకు వెళ్లండి. లేకపోతే ఇంట్లోంచి పనిచేసే రోజులు ఎక్కువగా ఉండే ఉద్యోగం దొరికేదాకా ఆగండి.

ఇక డబ్బు. ఎదిగిన పెట్ట రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. ఐదు పెట్టలకు నెలకు పదహారున్నర కిలోలు. కిలో 40 రూపాయలనుకుంటే 660 రూపాయలు. గ్రామప్రియ లాంటి మెరుగుపరచిన జాతి ఏడాదికి 200 గుడ్ల దాకా పెడుతుంది కాబట్టి ఐదూ కలిసి నెలకు సుమారు 83. అంటే ఒక్క దాణా ఖర్చే గుడ్డుకు ఎనిమిది రూపాయలు. గూటికి, టీకాలకు, ఊకకు, మధ్యలో పోయే కోడికి అయ్యేది ఇందులో కలపలేదు. అదే అచ్చమైన నాటుకోడి అయితే ఏడాదికి అరవై గుడ్లు పెడితే గొప్ప. పురుగూ పుట్రా ఏరుకుని సగం కడుపు తనే నింపుకున్నా ఆ గుడ్డు పదమూడు రూపాయలకు తగ్గదు. వంటింట్లో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, మునగాకు, అజొల్లా అనే నీటి మొక్క వేసి దాణాను కొంత తగ్గించుకోవచ్చు. మరీ తగ్గిస్తే గుడ్లూ తగ్గుతాయి. కాబట్టి గుడ్ల మీద మిగుల్చుకుందామనే ఆశ ఇక్కడే వదిలేయండి.

కోళ్ల ఫారాల వాళ్లు ఒక్కో పెట్ట నుంచి ఏడాదికి మూడు వందల గుడ్లు తీస్తారు కదా, మనకెందుకు రావు అని అడగవచ్చు. వాళ్ల జాతి వేరు, వాళ్ల వెలుతురు వేరు. గుడ్లు బాగా పెట్టాలంటే పెట్టకు రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. బెంగళూరులో అతి పొడవైన పగలు కూడా 13 గంటలు నిండదు. ఫారాల్లో బల్బులు వేసి ఆ లోటు పూడుస్తారు. మన పెట్టలు నవంబరు నుంచి జనవరి దాకా మందగిస్తాయి. ఈకలు రాల్చే రోజుల్లో పూర్తిగా ఆపేస్తాయి. ఆ రోజుల్లో వాటిని చూస్తే జబ్బు చేసిందేమో అనిపిస్తుంది. తోక ఊడి, మెడ బోసిగా, చిరాకు మొహంతో తిరుగుతుంటాయి. కంగారు పడి మందులు పోయకండి. మాంసకృత్తులున్న తిండి కాస్త ఎక్కువ పెడితే చాలు.

జాతి విషయంలో బెంగళూరువాళ్లు అదృష్టవంతులు. గిరిరాజ పుట్టింది ఇక్కడి హెబ్బాళలోనే. దాని తరువాత వచ్చిన స్వర్ణధార కూడా హెబ్బాళ పశువైద్య కళాశాలదే. హెసరఘట్టలోని కేంద్ర కోళ్ల అభివృద్ధి సంస్థ కావేరి జాతిని తయారుచేసింది. అక్కడ పెంపకంపై శిక్షణ కూడా ఇస్తారు. గ్రామప్రియ, వనరాజ మన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ నుంచి వచ్చాయి. గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ గానీ స్వర్ణధార గానీ తీసుకోండి. గిరిరాజ బరువైన కోడి, నెమ్మదైనది, గుడ్లు ఇంకొంచెం తక్కువ. పాప ఎత్తుకుంటుందని అంటున్నారు కాబట్టి రెండు గిరిరాజలు కలపమంటాను. సంక్రాంతి పందేల ఊళ్ల నుంచి వచ్చినవారికి డేగ, నెమలి, కాకి, పర్ల అని రంగుల మీద మోజు ఉంటుంది. అసీల్ అనే ఆ పందెపు జాతి రక్తం చిన్న పెరట్లో తోటి కోడిని బతకనివ్వదు. మోజు ఊళ్లోనే ఉంచుకోండి.

తోపుడు బండి మీద గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు పూసిన కోడిపిల్లలను అమ్ముతుంటారు. పాప అడుగుతుంది. కొనకండి. అవి ఎక్కువగా ఫారాలకు పనికిరాని మగపిల్లలు, టీకా ఉండదు, వారంలో చాలావరకు చచ్చిపోతాయి. ఆ ఏడుపు ఓదార్చడం కోళ్లు పెంచడం కంటే కష్టం. అసలు ఒకరోజు పిల్లలతో మొదలుపెట్టవద్దు. మొదటి వారం వాటికి 35 డిగ్రీల వేడి కావాలి, తరువాత వారానికి సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. కరెంటు పోయిన రాత్రి మీ నిద్ర కూడా పోతుంది. పైగా పెరటి జాతుల ఒకరోజు పిల్లల్లో సాధారణంగా ఆడ, మగ విడదీసి అమ్మరు. పది తెస్తే దాదాపు సగం పుంజులవుతాయి. రెండు నెలలు దాటిన పెట్టల్ని తెచ్చుకుంటే ఈ రెండు బాధలూ ఉండవు. ఖరీదు ఎక్కువే, పెట్టదగిన ఖరీదు.

పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. దాన్ని పొదిగిస్తే పిల్ల కాదు, అంతే. ఈ మాట చెబితే బాగా చదువుకున్నవాళ్లు కూడా నమ్మరు, అందుకే రాస్తున్నాను. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి ఎలా తెల్లవారుతుందని అనుకున్న ముసలమ్మ కథ మనకు తెలిసిందే. మీ వీధిలో మాత్రం మీ కోడి వల్ల నిజంగానే మూడున్నరకు తెల్లవారుతుంది. అమెరికా వేళల్లో పనిచేసి రెండింటికి పడుకునే కుర్రాడు పక్కింట్లో ఉంటే ఫిర్యాదు ఖాయం. పుంజు వద్దు. లేఔట్ సంఘం ఉంటే ముందుగా మాట్లాడండి. నెలకోసారి గోడ మీదుగా అరడజను గుడ్లు అందించండి. మా పక్కింటి అజ్జి (కన్నడ బామ్మగారు) కోళ్ల కంపు గురించి మొదట్లో రోజూ గొణిగేవారు. ఇప్పుడు గుడ్లు ఆలస్యమైతే గొణుగుతున్నారు.

కంపు అనేది కోడిది కాదు, తడిది. ఎండిన రెట్టకు పెద్దగా వాసన ఉండదు. తడిస్తే అమ్మోనియా లేస్తుంది, ఈగలు వాలతాయి. గూటి నేల మీద నాలుగంగుళాల మందాన ఊక పరిచి, వారానికోసారి తిరగేసి, తడిసిన చోట కాస్త సున్నం చల్లండి. నీళ్ల గిన్నె ఊక మీద కాకుండా ఇటుక ఎత్తున పెట్టండి. మన దగ్గర ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వాన ఏటవాలుగా కొడుతుంది కాబట్టి కప్పు గోడను దాటి రెండడుగులు బయటికి రావాలి. గాలి పైభాగంలో ఆడాలి, కూర్చున్న కోళ్లకు నేరుగా తగలకూడదు. పడుకోవడానికి కోడికి నాలుగు చదరపు అడుగులు, తిరగడానికి కనీసం పది. గుడ్లు పెట్టే పెట్టె నాలుగైదు కోళ్లకు ఒకటి చాలు. రెండు పెట్టినా అన్నీ ఒకదాని కోసమే కొట్టుకుంటాయి.

హార్డ్‌వేర్ దుకాణంలో చికెన్ మెష్ అని చవకగా ఇచ్చే ఆరుపలకల తీగ జాలీ కోళ్లను లోపల ఉంచడానికే పనికొస్తుంది, కుక్కను బయట ఉంచడానికి పనికిరాదు. అరంగుళం కన్నులున్న వెల్డ్‌మెష్ అడిగి తీసుకోండి. అడుగు లోతు భూమిలోకి దించండి, లేకపోతే పందికొక్కు తవ్వుకుని వస్తుంది. పైన కూడా వేయండి. బెంగళూరు ఆకాశంలో గద్దలకు కొదవ లేదు, చిన్న పెట్టను అవి వదలవు. గుడ్లు సాయంత్రం దాకా గూట్లో వదిలేస్తే జెర్రిపోతో నాగుపామో వెతుక్కుంటూ వస్తుంది. ఊరి చివరి లేఔట్లలో ఇది మామూలే. మధ్యాహ్నం ఒకసారి ఏరే మనిషి ఉంటే మంచిది.

ఇప్పుడు అసలు కష్టం, జబ్బులు. అన్నిటికంటే భయపడాల్సింది కొక్కెర తెగులు, వైద్యులు రాణిఖేత్ అంటారు. వచ్చాక మందు లేదు. ఆకుపచ్చ విరేచనాలు, మెడ వంకర, నోరు తెరిచి ఊపిరి, రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ. టీకా ఒక్కటే దిక్కు. కోడిపిల్లలకు మొదటి వారంలో లసోటా లేదా ఎఫ్-1 అనే రాణిఖేత్ టీకా కంట్లో చుక్కగా, రెండు వారాల వయసులో గంబోరో అనే మరో జబ్బుకు టీకా, ఎనిమిది వారాలకు రెక్క కింద ఆర్‌టూబీ అనే రెండో రాణిఖేత్ టీకా సూది. పెరటి పెంపకందారుకు ఇక్కడ ఒక విచిత్రమైన చిక్కు ఉంది. టీకా సీసాలు వంద కోళ్లు, ఆపైన లెక్కన వస్తాయి. కలిపిన మందు రెండు గంటలకు మించి నిలవదు. ఐదు కోళ్లకు సీసా విప్పితే మిగతాదంతా పారబోయాలి. అందుకే మా వీధివాళ్లం, పక్క ఊరి ఇద్దరు రైతులు ఒకే ఆదివారం పెట్టుకుంటాం. మంచు పెట్టెలో సీసా తెచ్చి ఇల్లిల్లూ తిరిగి వేసేస్తాం. మీ చుట్టుపక్కల కోళ్లున్నవాళ్లను ముందే వెతికి పెట్టుకోండి. తాగే నీళ్లలో కలిపే టీకా అయితే కావేరి కుళాయి నీళ్లు వాడకండి, అందులోని క్లోరిన్ టీకాను చంపేస్తుంది. బోరు నీళ్లు గానీ కాచి చల్లార్చిన నీళ్లు గానీ తీసుకుని, లీటరుకు ఐదు గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి అప్పుడు టీకా వేయండి.

వానాకాలంలో కోడిపిల్లలకు రక్తపారుడు వస్తుంది. తడి ఊకే దానికి మూలం. తొందరగా గమనిస్తే మందుకు లొంగుతుంది. దోమలు ఎక్కువైన రోజుల్లో ముఖం మీద, జుట్టు మీద పొక్కులతో కోళ్ల మశూచి వస్తుంది, దానికీ టీకా ఉంది. పేలకు మాత్రం మందు దుకాణం దాకా వెళ్లనక్కరలేదు. ఎండిన మట్టి, బూడిద, నలిపిన ఎండు వేపాకు కలిపి ఒక మూల పోస్తే వాటి స్నానం అవే చేసుకుంటాయి.

కోడి తన జబ్బును దాస్తుంది. బలహీనత కనబడితే తోటివే పొడుస్తాయి, అందుకే చివరిదాకా తింటున్నట్టు నటిస్తుంది. ఉదయం తలుపు తీయగానే ఏది చివర వచ్చింది, ఏది విడిగా నిలబడింది, ఎవరి ఈకలు ఉబ్బి ఉన్నాయి అని చూసే అలవాటు చేసుకోండి. కుక్కలు, పిల్లుల ఆసుపత్రుల్లో చాలాచోట్ల కోడిని చూడరు. చూసినా రుసుము కోడి ధరకు రెండింతలు ఉంటుంది. హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, వైట్‌ఫీల్డ్ నుంచి అదొక ప్రయాణం. మందు వాడిన రోజుల్లో, ఆ తరువాత వైద్యుడు చెప్పినన్ని రోజులు ఆ గుడ్లు తినకూడదు.

బర్డ్ ఫ్లూ మనకు దూరం అనుకోకండి. 2012 అక్టోబరులో అది కనబడింది హెసరఘట్టలోని ఆ ప్రభుత్వ కేంద్రంలోనే, సీమకోళ్లలో (టర్కీల్లో). 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు ఎలా పోయాయో ఊళ్లో బంధువులున్నవారందరికీ తెలుసు. ఎక్కడైనా నిర్ధారణ అయితే చుట్టూ కిలోమీటరు మేర కోళ్లన్నిటినీ చంపేస్తారు. మీ పెరటి ఐదూ అందులోకే వస్తాయి, ఎంత ఆరోగ్యంగా ఉన్నా సరే. పరిహారం ఇస్తారు, పాపకు మాత్రం దాని అర్థం తెలియదు. కొత్త కోడిని తెచ్చినప్పుడు మూడు వారాలు విడిగా ఉంచండి, కాకులు దాణా గిన్నెలో మూతి పెట్టకుండా చూడండి. పాప కోడిని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి. ఈ ఒక్క విషయంలో గారం వద్దు.

తిండిలో ఒక హెచ్చరిక. చవకగా దొరికిందని బూజు వాసన వచ్చే వేరుశనగ చెక్క పెట్టకండి. 1960లో ఇంగ్లాండులో సీమకోళ్లు లక్షకు పైగా చచ్చిపోతే, కారణం వెతగ్గా వేరుశనగ పిండిలోని బూజు విషం బయటపడింది. అఫ్లాటాక్సిన్ అనే పేరు లోకానికి అప్పుడే తెలిసింది. ఊరగాయ, ఉప్పు ఎక్కువున్న కూర, చాక్లెట్, పచ్చబారిన బంగాళాదుంప తొక్క కూడా వద్దు. గుడ్డు పెంకులు వేయించి పొడి చేసి వేస్తే సున్నం అందుతుంది. ముక్కలు గుడ్డు ఆకారంలో కనబడకుండా మెత్తగా నలపండి, లేకపోతే గుడ్లు తాగే అలవాటు పడుతుంది. వంటింటి చెత్త తగ్గుతుందన్నారు, నిజమే. దానితోపాటు మీ కొత్తిమీర మడి కూడా తగ్గుతుంది. కోడి కాలికి మొలక అనే మాట తెలియదు. ముదిరిన కరివేపాకు చెట్టు, అరటి, మునగ నిలబడతాయి. మిగతా తోటకు కంచె వేయాల్సిందే. రెట్టను పచ్చిగా మొక్కలకు వేస్తే వేర్లు మాడిపోతాయి. ఊకతో కలిపి కొన్ని నెలలు మాగనిస్తే అరటి గెల చూసి మీరే ఆశ్చర్యపోతారు.

ఇన్ని చెప్పాక కూడా మా పెరట్లో కోళ్లు ఎందుకున్నాయని అడుగుతారు. మే నెలలో మొదటి వాన పడ్డ మర్నాడు ఉసిళ్లు లేస్తాయి చూడండి, ఆ ఉదయం కోళ్లను చూడాలి. బరువైన గిరిరాజ పెట్ట కూడా రెక్కలు విప్పి ఎగిరి గాల్లోనే పట్టుకుంటుంది. మిగతా రోజుల్లో పెద్దరికం చూపించే కోడి ఆ రోజు మర్యాద మరిచిపోతుంది. గుడ్డు పెట్టిన పెట్ట గూటి గుమ్మంలో నిలబడి చేసే చాటింపు ఇంకొకటి. గుడ్డు పెట్టనివి కూడా దానితో గొంతు కలుపుతాయి, ఎందుకో వాటికే తెలియాలి. మధ్యాహ్నం మట్టి స్నానం చేసి కాళ్లు చాపి, రెక్క వాల్చి, కళ్లు మూసి పడుకున్న కోడిని చూసి కొత్తగా వచ్చిన పనమ్మాయి చచ్చిపోయిందనుకుని కేకలు పెట్టింది. కోడి ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకుంది.

మీ పాపకు ఒక నోటుపుస్తకం ఇవ్వండి. ఒక గుడ్డు తయారుకావడానికి సుమారు పాతిక గంటలు పడుతుంది. అందుకే ఈ రోజు ఎనిమిదికి పెట్టిన కోడి రేపు తొమ్మిది దాటాక పెడుతుంది, ఎల్లుండి ఇంకా ఆలస్యం, చివరికి ఒక రోజు మానేస్తుంది. ఎవరు ఎన్నింటికి పెట్టారో రాసుకుంటూ పోతే ఇది తనే కనుక్కుంటుంది. ఎవరు ఎవరిని పొడుస్తున్నారో కూడా రాయమనండి. నార్వే దేశపు జంతుశాస్త్రవేత్త షెల్డరప్-ఎబ్బె చిన్నప్పుడే ఇంటి కోళ్ల దగ్గర కూర్చుని అది గమనించడం మొదలుపెట్టాడు. కోళ్లలో పెద్దా చిన్నా వరస ఉంటుందని 1921లో రాసినదానికి పునాది ఆ గమనింపే. కొత్త కోడి వస్తే ఆ వరసంతా మళ్లీ మొదటి నుంచి తేల్చుకుంటాయి. అప్పుడు రక్తం కారేదాకా పోకుండా, కొన్ని రోజులు జాలీకి అవతల ఉంచి, తరువాత రాత్రి చీకట్లో కర్ర మీద కూర్చోబెట్టండి.

నాటు పెట్ట అయితే పొదుగుకు కూర్చుంటుంది. తిండి మానేసి, గుడ్లు లేకపోయినా ఖాళీ పెట్టెలో కూర్చుని, చేయి పెడితే పొడుస్తుంది. పొదిగించే ఉద్దేశం లేకపోతే ఊక లేని జాలీ అడుగున్న గంపలో, నీడలో, తిండీ నీళ్లతో మూడు నాలుగు రోజులు ఉంచితే మరిచిపోతుంది. ముక్కులో ఈక గుచ్చడం, నీళ్లలో ముంచడం ఊళ్లలో చేసేవారు. మీరు చేయకండి. గ్రామప్రియకు ఈ బుద్ధి దాదాపు ఉండదు.

మీరు అడగనిది ఒకటి మిగిలింది. పెట్ట మొదటి రెండేళ్లు బాగా గుడ్లు పెడుతుంది, ఆ తరువాత తగ్గిస్తూ పోతుంది, కానీ ఏడెనిమిదేళ్లు బతకగలదు. ఆ తరువాతి ఏళ్లలో మీ ఐదు కోళ్లూ తింటాయి, గుడ్లు మాత్రం మునుపటంత పెట్టవు. అప్పుడేం చేస్తారు? అమ్మితే కొన్నవాళ్లు కోస్తారు, పెంచుకోవడానికి కొన్నామని ఎంత చెప్పినా సరే. మీరు మాంసం తినేవారే అయితే తప్పేమీ లేదు, కానీ పాపకు మొదటి రోజే చెప్పాలి. మా ఇంట్లో పేరు పెట్టిన కోడిని కోయకూడదని నియమం. దాని ఫలితంగా ప్రస్తుతం మా పెరట్లో పింఛను తీసుకుంటున్నవారు ఎక్కువ, ఉద్యోగం చేస్తున్నవారు తక్కువ. మీ నియమం ఏదైనా సరే, కోడి రాకముందే భార్యాభర్తలిద్దరూ ఒక మాట అనుకోండి. పేర్లు పెట్టాక ఆ మాట పెగలదు.

కడక్‌నాథ్ మధ్యప్రదేశ్ ఝాబువా ప్రాంతపు జాతి, 2018లో దాని మాంసానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. చర్మం, ఎముక నలుపు. గుడ్డు నల్లగా ఉండదు, లేత గోధుమ రంగులో ఉంటుంది. నల్ల గుడ్డు అని ఎవరైనా ఎక్కువ ధర చెబితే నవ్వి వచ్చేయండి. గుడ్లు తక్కువ, బెదురు ఎక్కువ, మొదటిసారి పెంచేవారికి నేను చెప్పను. ఇప్పుడు వానలు పడుతున్నాయి కాబట్టి గూడు మాత్రం కట్టించి పెట్టుకోండి. ఒక పెద్ద వానలో అది ఎక్కడ కారుతుందో చూసుకోండి. నవంబరులో నేల ఆరాక నాలుగు పెట్టల్ని తెచ్చుకోండి, ఒక్కటి వద్దు, ఒంటరి కోడి బెంగతో తిండి మానేస్తుంది. కొనేటప్పుడు ఆర్‌టూబీ వేశారా, ఏ తేదీన వేశారు అని అడగండి. తేదీ చెప్పలేకపోతే వేయలేదనే అర్థం.